నిర్ణయాల చిట్టా: ఏడీఆర్ టూల్స్‌తో రెండేళ్ల అనుభవం

కొత్తగా చేరిన డెవలపర్ ఒకరు "ఆర్డర్ల సర్వీసుకు మాంగోడీబీ ఎందుకు పెట్టారన్నా?" అని అడిగినప్పుడు నా దగ్గర సరైన జవాబు లేకపోయింది. ఆ నిర్ణయం తీసుకున్న ఆర్కిటెక్టును నేనే. మీటింగులో ఏయే వాదనలు వచ్చాయో, పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్‌ను ఎందుకు వద్దనుకున్నామో మా ఎవరికీ గుర్తు లేదు, ఎక్కడా రాసిపెట్టుకోనూ లేదు. ఆ తరువాతే నాట్ ప్రైస్ రాసిన ఏడీఆర్ టూల్స్ అనే ఉచిత ప్రోగ్రామును మా కోడ్ దాచుకునే రిపోలోకి తెచ్చుకున్నాము. ఏడీఆర్ అంటే ఆర్కిటెక్చర్ డెసిషన్ రికార్డ్, అంటే నిర్మాణ నిర్ణయాన్ని నమోదు చేసే పత్రం.

దీని వెనుక ఉన్న ఆలోచన మైకేల్ నైగార్డ్‌ది. సాఫ్ట్‌వేర్ నిర్మాణానికి సంబంధించిన ప్రతి ముఖ్య నిర్ణయాన్నీ ఒకటి రెండు పేజీల్లో, సందర్భం, నిర్ణయం, స్థితి, పర్యవసానాలు అనే శీర్షికల కింద రాసి, కోడ్ పక్కనే ఉంచాలని ఆయన 2011లో ప్రతిపాదించారు. ఏడీఆర్ టూల్స్ ఆ పనిని కమాండ్ లైన్ మీద సులువు చేస్తుంది. ఆరంభించగానే 0001 నంబరుతో మొదటి పత్రాన్ని తానే సృష్టిస్తుంది. ఇకపై నిర్ణయాలను నమోదు చేస్తామన్నదే అందులోని నిర్ణయం. పాత నిర్ణయాన్ని మార్చవలసి వస్తే దాన్ని చెరపదు. కొత్త పత్రం రాసి, రెండింటి స్థితిలోనూ పరస్పరం లింకులు చేరుస్తుంది. నాకు అన్నిటికంటే నచ్చిన గుణం ఇదే, ఎందుకంటే ఒకప్పుడు సరైనదే అయిన నిర్ణయం ఎప్పుడు, ఏ కారణంతో పనికిరాకుండా పోయిందో ఆ వరుస చూస్తేనే తెలుస్తుంది.

లోపాలూ ఉన్నాయి. ఇది బాష్ అనే కమాండ్ లైన్ భాషలో రాసిన స్క్రిప్టుల కూర్పు కనుక మ్యాక్‌లో హోమ్‌బ్రూ అనే ఇన్‌స్టాలర్‌తో చిటికెలో వచ్చేస్తుంది గానీ, విండోస్ వాడేవారు అక్కడ బాష్‌ను నడిపించే గిట్ బాష్‌నో డబ్ల్యూఎస్ఎల్‌నో ఆశ్రయించాలి. ఇద్దరు వేర్వేరు బ్రాంచీల్లో (కోడ్ విడి ప్రతుల్లో) ఒకేసారి పత్రం మొదలుపెడితే రెండింటికీ ఒకే నంబరు పడుతుంది, వాటిని కలిపేటప్పుడు (మెర్జ్) చేత్తో సరిదిద్దుకోవాలి. వీటితో సర్దుకుపోవచ్చు. నన్ను నిజంగా ఇబ్బంది పెట్టినది మూసపత్రం (టెంప్లేట్): కొత్త పత్రం తెరవగానే స్థితి దగ్గర "ఆమోదితం" అని ముందే రాసి ఉంటుంది. చర్చ జరగక ముందే ఆమోదం కనిపిస్తే, అభ్యంతరం చెప్పదలచుకున్న జూనియర్ వెనక్కి తగ్గుతాడు. పరిశీలించిన ప్రత్యామ్నాయాలకు చోటు లేకపోవడం ఇంకో కొరత. ఆ విషయంలో ఎంఏడీఆర్ అనే మరో మూస మెరుగు. అదృష్టవశాత్తూ సొంత మూసను పెట్టుకునే వీలు ఉంది కనుక, స్థితిని "ప్రతిపాదితం"గా మార్చి, ప్రత్యామ్నాయాలు, ఎవరి సలహా అడిగాము అనే రెండు శీర్షికలు చేర్చుకున్నాము.

ఆ సలహా శీర్షిక మా పని తీరునే మార్చింది. నిర్ణయం ఎవరైనా తీసుకోవచ్చు, కానీ దానివల్ల ప్రభావితమయ్యేవారినీ ఆ విషయం బాగా తెలిసినవారినీ ముందుగా సంప్రదించి తీరాలి అనే పద్ధతిని ఆండ్రూ హార్మెల్-లా 2021లో వివరించారు. మేము దాన్నే పాటిస్తున్నాము. చెల్లింపుల సర్వీసులో క్యూ (వచ్చిన పనులను వరుసలో నిలిపే ఏర్పాటు) పెట్టాలా వద్దా అన్న 0014వ పత్రాన్ని రాసినది రెండేళ్ల అనుభవం ఉన్న ఇంజనీరు. ఆపరేషన్స్ టీమ్‌ను అడిగితే, రాత్రిపూట క్యూ నిండిపోతే చూసుకునేవారెవరని వారు ప్రశ్నించారు. ఆ ప్రశ్న పర్యవసానాల కింద యథాతథంగా నమోదైంది. నేను పుల్ రిక్వెస్టులో (మార్పును సమీక్షకు పెట్టే చోట) రెండు వ్యాఖ్యలు మాత్రమే రాశాను, అందులో ఒకదాన్ని ఆ ఇంజనీరు కారణం చూపి తోసిపుచ్చింది. ఆ కారణం సరైనదే. మా చర్చలు తెలుగులో సాగుతాయి, పత్రాలు ఇంగ్లీషులో ఉంటాయి. మాటల్లోని సందేహం పత్రంలోకి వచ్చేసరికి జారిపోకుండా చూడడం ఇప్పుడు నా పనిలో పెద్ద భాగం.

పది మందికి మించని టీమ్, టెర్మినల్‌కు అలవాటుపడిన మనుషులు ఉన్నచోట ఏడీఆర్ టూల్స్‌ను నిస్సందేహంగా సిఫారసు చేస్తాను. మూసను మాత్రం మొదటి రోజే మార్చుకోండి.