గేట్‌వే క్లోనింగ్: సీసీడీబీ కోసమే వదల్లేకపోతున్నాను

భీమవరం చుట్టుపక్కల చెరువుల రొయ్యలకు వచ్చే వైట్‌స్పాట్ వైరస్ మీద పనిచేస్తున్నాం. దాని వీపీ28 లాంటి ప్రొటీన్లను ఇ. కోలై బ్యాక్టీరియాలో తయారు చేయడానికి కొన్నేళ్లుగా గేట్‌వేనే వాడుతున్నాను. జీన్‌ని ఒక వెక్టర్ (జీన్‌ని మోసే డీఎన్ఏ వలయం) నుంచి ఇంకోదానిలోకి ఎంజైమ్‌తో మార్చే పద్ధతి ఇది. జీన్‌ని మొదట ఎంట్రీ క్లోన్‌లోకి, అక్కడి నుంచి డెస్టినేషన్ వెక్టర్‌లోకి చేర్చే బీపీ, ఎల్‌ఆర్ రియాక్షన్ల సంగతి కిట్ కాగితంలోనే ఉంటుంది. నా మనసు దోచింది మాత్రం సీసీడీబీ అనే విషపు జీన్.

మన జీన్ ఎక్కని డెస్టినేషన్ వెక్టర్‌లో సీసీడీబీ అలాగే మిగులుతుంది. అది తయారుచేసే విషం డీఎన్ఏ గైరేజ్ అనే ఎంజైమ్‌ని దెబ్బతీసి బ్యాక్టీరియాని చంపేస్తుంది. కాబట్టి ప్లేట్ మీద బతికిందంటే అది మన క్లోనే. లైగేషన్ (డీఎన్ఏ ముక్కల్ని అతికించడం) చేసి, జీన్ లేని ఖాళీ కాలనీలు ఏరి ఏరి విసిగిన వాళ్లకు ఈ సుఖం తెలుస్తుంది.

ఒక్కసారి మాత్రం చుక్కలు కనిపించాయి. వేరే ల్యాబ్ వాళ్లు ఒక డెస్టినేషన్ వెక్టర్ ఇచ్చారు. మర్నాటికి ప్లేట్ నిండా కాలనీలు, ఏది చూసినా ఖాళీ! మే నెల, కరెంటు కోతలు. ఎంజైమ్ పాడైందేమోనని హైదరాబాద్ నుంచి కొత్తది తెప్పించాం. మళ్లీ అదే కథ. చివరికి రియాక్షన్ ఏమీ లేకుండా వెక్టర్ ఒక్కదాన్నే డీహెచ్5 ఆల్ఫా అనే మామూలు ఇ. కోలైలో వేసి, వెక్టర్ ఉన్నవే బతికే ఆంపిసిలిన్ ప్లేట్ మీద పరిచాను. ఒక్కటీ బతక్కూడదు. నారుమడిలా మొలిచాయి! వాళ్లు క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ వేయకుండా పెంచుతూ వచ్చారట. ఆ మందును తట్టుకునే జీన్ సీసీడీబీ పక్కనే ఉంటుంది. మందు లేకపోతే ఆ ముక్కను మోయాల్సిన పని బ్యాక్టీరియాకు ఏముంది? ఇప్పుడు ఎవరు వెక్టర్ ఇచ్చినా ముందు ఈ పరీక్షే. అన్నట్టు, ఎఫ్ ప్లాస్మిడ్ ఉన్న స్ట్రెయిన్లు దీనికి పనికిరావు, వాటి దగ్గర విరుగుడు సీసీడీఏ ఉంటుంది.

బతికింది మన క్లోనే అన్నాను గానీ, పీసీఆర్‌లో (జీన్‌కి కాపీలు తీసేటప్పుడు) దొర్లిన తప్పుని సీసీడీబీ పట్టుకోదు. ఎంట్రీ క్లోన్‌లో ఒక అక్షరం మారితే ఆ తప్పు అన్ని వెక్టర్లలోకీ పోతుంది. సీక్వెన్సింగ్ తప్పదు. ప్రొటీన్‌కి తగిలించే ట్యాగ్‌కీ ప్రొటీన్‌కీ మధ్య ఏటీటీబీ అనే అతుకు తాలూకు అమైనో ఆమ్లాలు కొన్ని మిగిలిపోతాయి కూడా. యాంటీబాడీల కోసం చేసే మాకు ఇబ్బంది రాలేదు. ప్రొటీన్ నిర్మాణం చూసేవాళ్లు ఒప్పుకోకపోవచ్చు.

ఒకే జీన్‌ని హిస్ ట్యాగ్‌తో, జీఎస్‌టీ ట్యాగ్‌తో, ఇంకా రెండు మూడు రకాలుగా చూడాల్సిన పని మాది, అందుకే ఎంజైమ్ ఖరీదు గిట్టుబాటు అవుతోంది. ఒక జీన్, ఒక వెక్టరే అయితే నేనూ గిబ్సన్‌కే (డీఎన్ఏ ముక్కల్ని నేరుగా కలిపే ఇంకో పద్ధతి) వెళ్తాను.