చంద్రగిరి గుండు, తిరుమల బండ: రాతిని బట్టి మొక్కలెలా మారతాయో చూడ్డానికి ఏది మేలు?
చంద్రగిరి కోట గుట్టది గ్రానైటు. తిరుమల కొండ పైభాగం క్వార్ట్‌జైటు, అంటే ఇసుకరాయి మారి గట్టిపడ్డ రాయి. గ్రానైటు పొరలు పొరలుగా ఊడి నున్నబడుతుంది, వేరు దూరే సందు తక్కువ. గుంటల్లో చేరిన పిడికెడు మట్టిలోనే గడ్డి, నాచు. ఎండలకు మాడి తొలకరికి లేస్తాయి. బొమ్మజెముడుకు ఆ బాధ లేదు.

క్వార్ట్‌జైటు అడ్డంగా, నిలువుగా పగులుతుంది. ఆ చీలికల్లోకే ఎర్రచందనం, కొండగోగు, కొండ సాంబ్రాణి వేళ్లు దించుతాయి. ఇక పేరిత అనే సైకస్ జాతి మొక్క! శేషాచలం, దాని చుట్టుపక్కల కొండలు దాటితే అడవిలో ఇంకెక్కడా పెరగదు. కార్చిచ్చు కాల్చినా మళ్లీ చిగురిస్తుంది, అంత మొండిది.

ఒక్కచోటికే వెళ్లాలంటే నా ఓటు తిరుమలకే. ఘాట్ రోడ్డులో అడుగున గ్రానైటు, పైన క్వార్ట్‌జైటు ఒకే గోడలో కనిపిస్తాయి. రెండింటి వయసుల మధ్య ఎడం 80 కోట్ల ఏళ్లంటారు. ఫిబ్రవరి, మార్చి అయితే కొండగోగు పూత కూడా దొరుకుతుంది.