చాలా ఏళ్లకి మళ్లీ ఒంటరిగా బయల్దేరేవాళ్లకి: బ్యాంకాక్ - చియాంగ్ మాయ్ రాత్రి రైలు

థాయ్‌లాండ్‌లో బ్యాంకాక్ నుంచి ఉత్తరాన ఉన్న చియాంగ్ మాయ్ ఊరికి రాత్రంతా వెళ్లే 9 నంబరు స్పెషల్ ఎక్స్‌ప్రెస్ గురించి రాస్తున్నాను. ఇల్లు, పిల్లల చదువులు, అత్తగారి మందులు అంటూ ఏళ్ల తరబడి అమలాపురం దాటి పెద్దగా కదలని మనిషి మళ్లీ ఒక్కతే దేశం దాటితే, ముందుగా ఎక్కాల్సింది ఈ బండేనని నా గట్టి అభిప్రాయం.

ఎందుకో చెప్తాను. ఒంటరి ప్రయాణంలో మనిషిని అలసగొట్టేవి నిర్ణయాలండి. ఎక్కడ తినాలి, ఏ గేటులోంచి బయటికెళ్లాలి, ఈ టుక్‌టుక్ (అక్కడి ఆటో) అతన్ని నమ్మొచ్చా, గది గడియ సరిగ్గా పడిందా. అలవాటున్న రోజుల్లో ఇవి ఆలోచించకుండానే జరిగిపోయేవి. గ్యాప్ వచ్చాక ప్రతిదానికీ ఆగాలి, పైగా "ఏమంటావ్?" అని అడగడానికి పక్కన ఎవరూ ఉండరు. బ్యాంకాక్‌లో మొదటి సాయంత్రం వీధి నిండా తిండి కనిపిస్తున్నా ఒక్క బండి దగ్గరా నిలబడాలనిపించలేదు, చెయ్యి మాటిమాటికీ పాస్‌పోర్ట్ సంచీ మీదికే వెళ్తోంది. టెన్షన్, అంతే. మర్నాడు రైలెక్కి బెర్త్ నంబరు చూసుకుని కూర్చున్నాక అది తగ్గడం మొదలైంది. పన్నెండు గంటలపైన మనకో చోటు ఖాయం, ఎవరూ లేవమనరు, ఏదీ తేల్చుకోనక్కర్లేదు.

సాయంత్రం ఆరున్నర దాటాక బయల్దేరుతుంది, మర్నాడు ఉదయం ఏడు దాటాక దింపుతుంది. దూరం 751 కిలోమీటర్లు. 2016 చివర్లో వచ్చిన చైనా తయారీ పెట్టెలు ఇవి. సెకండ్ క్లాస్‌లో బెర్తులన్నీ నడవ పొడుగునే ఉంటాయి, అంటే మన నరసాపురం ఎక్స్‌ప్రెస్‌లో సైడ్ బెర్త్‌ని రెండు వైపులా పెట్టి, వెడల్పు పెంచి, ప్రతిదానికీ మందపాటి కర్టెన్ కట్టారనుకోండి. చీకటి పడ్డాక అటెండెంట్ వచ్చి ఎదురెదురు సీట్లని కలిపి పరుపు వేసి, ఉతికిన దుప్పటి పరిచి, తలగడ పెట్టి వెళ్తాడు. చదువుకోవడానికి చిన్న లైటు, ఫోనుకి ప్లగ్గు ఎవరిది వాళ్లకే. కర్టెన్ లాక్కున్నాక ఆ గూడు పూర్తిగా మనదే.

ఆడవాళ్లకీ పిల్లలకీ విడిగా ఒక స్లీపర్ పెట్టె ఉంది. బుక్ చేసేటప్పుడు అడిగి మరీ తీసుకోండి. రాత్రి బాత్రూమ్‌కి లేచినప్పుడు వెనక్కి చూసుకోవాల్సిన పని లేకపోవడం ఎంత పెద్ద విశ్రాంతో ఒంటరిగా తిరిగే ఆడవాళ్లకి నేను చెప్పనక్కర్లేదు. రైల్లో మందు తాగడం నిషేధం, ఇదీ కలిసొచ్చే సంగతే. ఎదుటి సీటులో ఒక పెద్దావిడ కూర్చుంది, ఆవిడకి ఇంగ్లీషు రాదు, నాకు థాయ్ రాదు. తాపేశ్వరం కాజా ఒకటి చేతిలో పెడితే ముందు వాసన చూసి, తర్వాత సగం తిని, మిగతా సగం రుమాల్లో చుట్టుకుంది, ఎవరికోసమో మరి. కాసేపటికి బత్తాయి లాంటి పండొకటి ఒలిచి నాకిచ్చింది. కొత్తవాళ్లతో ఇలా కూర్చోవడం నాకు ఇంకా వచ్చు అని ఆ రాత్రే తెలిసింది, దానికోసమైనా టికెట్ డబ్బు దండగ కాదు. అక్కడ టైము మనకంటే గంటన్నర ముందు, కాబట్టి మీరు పడుకోబోయే వేళకి ఇంట్లో ఇంకా భోజనాలే అయ్యుండవు. ఫోన్ ముందే చేసేసి హాయిగా నిద్రపోండి.

తెల్లారుతుండగా కొండలు. ఎటు చూసినా వరిచేలు, కాలువలు, కొబ్బరితోటలు తప్ప ఎత్తుపల్లాలు లేని కోనసీమ మనిషికి కిటికీలో అడవి ఒరుసుకుంటూ పోతుంటే నిద్ర దానంతటదే వదుల్తుంది. దారిలో వచ్చే ఖున్ తాన్ సొరంగం 1,352 మీటర్లు, 1907లో మొదలుపెట్టి 1918కి పూర్తి చేశారు. దానికోసమైనా త్వరగా లేవాలి. (కోనసీమకి రైలు తేవాల్సిన, ఇంకా పూర్తికాని మన కోటిపల్లి - నరసాపురం లైను గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. మనం ఇంకా రైలెక్కాలంటే పాలకొల్లో రాజమండ్రో పోవాల్సిందే.)

కొన్ని సంగతులు ముందే తెలిస్తే మంచిది. పాత సలహాల్లో బ్యాంకాక్‌లోని హువా లంఫోంగ్ స్టేషన్ అని ఉంటుంది, 2023 జనవరి నుంచి ఈ బండి బయల్దేరేది అదే ఊళ్లోని కొత్త స్టేషన్ క్రుంగ్ థేప్ అఫివాట్ నుంచి. నేను విశాఖలో ఎక్కిన విమానం బ్యాంకాక్‌లోని డాన్ మువాంగ్ విమానాశ్రయంలో దిగింది, అక్కణ్ణుంచి ఆ కొత్త స్టేషన్‌కి రెడ్ లైన్ అనే లోకల్ రైలు నేరుగా ఉంది. దేశంలో దిగే ముందు మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి, దానికి డబ్బేమీ కట్టక్కర్లేదు, కట్టమనే సైట్లని నమ్మకండి. టికెట్ రైల్వేవాళ్ల సొంత సైట్‌లోనే కొనండి, మధ్యలోవాళ్లు కమిషన్ వేసుకుంటారు. సెకండ్ క్లాస్ కింది బెర్త్‌కి సుమారు వెయ్యి భాట్‌లు. ఏసీ మన ఒంటికి గట్టి చలే, రాత్రంతా పెట్టెలో లైట్లూ ఉంటాయి, కాబట్టి శాలువా, కళ్లకి గుడ్డ పెట్టుకోండి. శాకాహారులు తిండి వెంట తీసుకెళ్లడం మేలు.

పై బెర్త్ కొంచెం చవకే గానీ ఇరుకు, కిటికీ ఉండదు, నిచ్చెన నిటారుగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింది బెర్త్ దొరక్కపోతే ఆ రోజు వదిలేసి మర్నాటికి చూసుకోండి.