పెంచలకోనా, ఉదయగిరా? కొండ పరుగుకి ముందు చూసుకోవాల్సినవి

నెల్లూరు కొండల్లో పరుగంటే సంక్రాంతి నుంచి శివరాత్రి దాకానే. ఇక్కడ అసలు వాన ఈశాన్య రుతుపవనాలది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఎప్పుడు వాయుగుండం పడుతుందో తెలీదు. మార్చి దాటితే పొద్దున తొమ్మిదికే బండలు కాలతాయి.

టైము లేనివాళ్లకి పెన్న ఒడ్డున నరసింహకొండ ఉంది. చిన్న కొండ, పైదాకా రోడ్డే. కాళ్లు సాగదీసుకోవడానికి సరే, అంతకుమించి ఆశించొద్దు.

పెంచలకోన సంగతి వేరు. గుడి దగ్గర గదులున్నాయి గానీ శనివారాలు, వైశాఖంలో బ్రహ్మోత్సవాలప్పుడు దొరకడం కష్టం. వారం మధ్యలో వెళ్లండి. జనవరి తెల్లవారుజామున గుడి దగ్గర వణికించే చలి, కాస్త పైకెక్కేసరికి తగ్గుతుంది. మబ్బూ గాలీ లేని రాత్రి వాలు మీద చల్లబడిన గాలి బరువెక్కి, కిందికి జారి కోనలో నిలిచిపోతుంది, అందుకని. నడుముకి చుట్టుకోగలిగే పల్చటి జాకెట్టు చాలు. పొద్దు పొడిచేది 6:35 ప్రాంతంలో. గడ్డి మీద మంచు ఆరకముందే దిగితే సాక్సులు నానతాయి, వాటికి ఉత్తరేణి గింజలు పట్టుకుని మడమ ఒరుసుకుపోయి బొబ్బలెక్కుతాయి. ఇంకో జత ఉండాల్సిందే.

వాగు నీళ్లు ఉన్నట్టుండి ఎర్రబడి, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తే పైన వాన పడుతున్నట్టే. ఇక్కడ తలమీద ఎండే ఉండొచ్చు! నిటారు బండ మీద మట్టి తక్కువ, నీళ్లు ఇంకవు, నిమిషాల్లో పొంగుతుంది. దాటకుండా గట్టెక్కి ఆగండి. వేసవి ఉరుముల మబ్బు పడమటి నుంచి వస్తుంది, నెత్తి మీదికొచ్చేదాకా కొండ దాన్ని కనబడనివ్వదు. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లలోపే ఉంటే పిడుగు పది కిలోమీటర్ల లోపలే పడిందని లెక్క. ఇంక వెనక్కి తిరగడమే. పెంచలకోన చుట్టూ అభయారణ్యం, పైగా ఎర్రచందనం మీద నిఘా. నలుగురూ నడిచే దారి వదలాలంటే అటవీశాఖ అనుమతి తీసుకోవాలి.

ఎక్కుడు కావాలంటే ఉదయగిరి దుర్గమే. సుమారు 3,000 అడుగుల కొండ, విరిగిన మెట్లు, కాలి కింద దొర్లే రాళ్లు. దిగేటప్పుడే చీలమండ మడతపడేది, అడుగులు చిన్నవి వెయ్యండి. ఎలుగుల భయముంది, చీకట్లో ఒంటరిగా వద్దు. నీళ్లు మనిషికి రెండు లీటర్లు, కోనేటి నీళ్లు నమ్మొద్దు. ఓఆర్‌ఎస్ లీటరు ప్యాకెట్టు లీటరు నీళ్లలోనే కలపాలి, అర లీటరులో గుమ్మరిస్తే దాహం పెరిగి కడుపు పాడవుతుంది. బస ఆత్మకూరులోనో నెల్లూరులోనో పెట్టుకోవడం నయం. దిగాక ఉదయగిరి ఊళ్లో చెక్క గరిటెలు చూడకుండా రాకండి, పరుగు సంచిలో ఒకటో రెండో పడతాయి.