కర్నూలులో నాలుగు ఆదివారాల తరగతి: భూటాన్ దిగువ సభ కోసమైనా చేరవచ్చు

రాజ్‌విహార్ కూడలికి దగ్గరలో, పోటీ పరీక్షలకు శిక్షణనిచ్చే ఒక చిన్న సంస్థ, ఈ వేసవిలో నాలుగు ఆదివారాల పాటు పొరుగు దేశాల చట్టసభల గురించి తరగతులు నిర్వహించింది. రుసుము 1,200 రూపాయలు. రోజుకు మూడు గంటలు. నేను ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తాను. మూడింట రెండు వంతులు, సాధారణ మెజారిటీ అని పిల్లలు అప్పజెప్పగలరు గానీ, ఆ లెక్క అక్కడ ఎందుకు పెట్టారని అడిగితే మౌనంగా ఉండిపోతారు. వారికి దాన్ని ఎలా చెప్పాలో నేర్చుకుందామని చేరాను.

శ్రీలంక, నేపాల్ తరగతులు ఏ పుస్తకంలోనైనా దొరికే విషయాలతోనే సాగాయి. భూటాన్‌కు కేటాయించిన మూడో ఆదివారం మాత్రం వేరు. మాస్టారు ఆ ఉదయం బల్లలన్నీ గోడల వారగా జరిపించి, సరిగ్గా 47 కుర్చీలు వేయించారు. ఆ దేశపు దిగువ సభ అయిన నేషనల్ అసెంబ్లీలో సభ్యులు అంతమందే. రాజ్యాంగం 55 మంది వరకు అనుమతించిందనీ, 20 జిల్లాల్లో ఏ జిల్లాకూ ఇద్దరికి తగ్గకుండా, ఏడుగురికి మించకుండా స్థానాలుంటాయనీ, పోటీ చేసేవారికి డిగ్రీ ఉండి తీరాలనీ చెబుతూనే, ఆదోని, డోన్, నంద్యాల నుంచి వచ్చిన అభ్యర్థులను ఆ కుర్చీల్లో కూర్చోబెట్టారు.

ముందుగా ఎన్నిక జరిపించారు. భూటాన్‌లో ఓటర్లు రెండు విడతలుగా ఓటు వేస్తారు. మొదటి విడతలో దేశమంతటా ఎక్కువ ఓట్లు వచ్చిన రెండు పార్టీలే రెండో విడతకు వెళ్లి స్థానాలకు పోటీపడతాయి కనుక, సభలో ఒక పాలక పక్షం, ఒక ప్రతిపక్షం తప్ప మూడో పార్టీకి చోటుండదు. 2018లోనూ, 2023లోనూ అప్పటివరకు అధికారంలో ఉన్న పార్టీ మొదటి విడతలోనే తప్పుకోవాల్సి వచ్చిందన్నప్పుడు గదిలో అందరూ తలెత్తి చూశారు. పైగా ఒక పక్షం సభ్యులు ఒంటరిగా గానీ మూకుమ్మడిగా గానీ మరో పక్షంలోకి ఫిరాయించడానికి వీల్లేదు. ఫిరాయింపులను నిరోధించే మన రాజ్యాంగంలోని పదో షెడ్యూలులో, పార్టీ సభ్యుల్లో మూడింట రెండు వంతుల మంది విలీనానికి ఒప్పుకుంటే మినహాయింపు ఉందని చదివిన నాకు, ఆ వెసులుబాటు కూడా లేని సభ ఎలా ఉంటుందో అప్పుడే ఊహకు అందింది.

అసలైన పాఠం అవిశ్వాస తీర్మానం దగ్గర జరిగింది. దాన్ని ప్రతిపాదించాలంటే మొత్తం సభ్యుల్లో కనీసం మూడో వంతు, అంటే 16 మంది మద్దతు కావాలి. నెగ్గాలంటే మూడింట రెండు వంతులు, అంటే 32 మంది కావాలి. మాస్టారు 2008 నాటి తొలి ఎన్నికల ఫలితం ప్రకారం ఒక వైపు 45 మందిని, మరో వైపు ఇద్దరినే కూర్చోబెట్టి, తీర్మానం పెట్టమన్నారు. ఆ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. 2013లో ప్రతిపక్షానికి వచ్చినవి 15 స్థానాలు. సరిగ్గా ఒక్క చెయ్యి తక్కువ. 2018లోనూ, 2024 జనవరిలోనూ 17 వచ్చాయి గనుక తీర్మానం పెట్టవచ్చు, కానీ నెగ్గడానికి ఎదుటి బల్లల నుంచి మరో 15 మంది లేచి రావాలి. ఆ 15 మందిని వెతుకుతూ చుట్టూ చూసినప్పుడే ఆ లెక్క ఎవరిని కాపాడుతోందో అందరికీ తెలిసింది. 2008లో ఆ ఇద్దరికీ నాయకుడైన షెరింగ్ తోబ్గే 2013లో ప్రధాని అయ్యారన్నది కూడా అక్కడే విన్నాము.

ఆ వెంటనే మాస్టారు మన ఊరి మాట ఎత్తారు. భూటాన్ మూడో రాజు జిగ్మే దోర్జీ వాంగ్‌చుక్ ఆ సభకు పునాది వేసిన 1953లోనే కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. ఆ మరుసటి ఏడు నవంబరులో టంగుటూరి ప్రకాశం గారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. భూటాన్ నిబంధన ఇక్కడ ఉండి ఉంటే ఆ ప్రభుత్వం నిలిచేది. అయితే సభలో సగానికి పైగా వద్దన్న ప్రభుత్వం కొనసాగడం న్యాయమేనా అన్న వాదన ఆ రోజు గంటసేపు సాగింది, నేను మాత్రం ఒక్క ఓటు పక్షానే నిలబడ్డాను.

ఇంత మంచి బోధనకు చేతికిచ్చిన నోట్సు తగినట్టుగా లేదు. అందులో దిగువ సభ సభ్యుల సంఖ్య 72 అని అచ్చయింది. అది 47 మందికి ఎగువ సభ అయిన నేషనల్ కౌన్సిల్‌లోని 25 మందిని కలిపితే వచ్చే మొత్తం. ఎన్నికల పట్టిక 2018 దగ్గరే ఆగిపోయింది. ద్రవ్య బిల్లులు దిగువ సభలోనే మొదలవుతాయన్న ముఖ్యమైన విషయానికి ఒక్క వాక్యం కేటాయించి వదిలేశారు. ఈ తప్పులను కార్యాలయంలో చూపిస్తే, నోట్సు ముందే అచ్చు వేయించామని జవాబిచ్చారు. పరీక్ష రాసేవారికి 72కీ 47కీ మధ్య తేడా ఒక మార్కు పోవడానికి సరిపోతుంది కాబట్టి, కనీసం సవరణ కాగితమైనా పంచి ఉండాల్సింది.

బోధనకు ఐదింట నాలుగున్నర, నోట్సుకు ఒకటిన్నర ఇస్తాను. చేరేవారు మూడో ఆదివారం మాత్రం మానకండి, ముందు వరుసలో కూర్చోండి, సంఖ్యలను మాత్రం మాస్టారు నల్లబల్ల మీద రాసినవే రాసుకోండి.