మీటర్లలో జవాబు చెప్పే కేబుల్ టెస్టర్: నాలుగేళ్ల వాడకం తర్వాత

ఒంగోలు చుట్టుపక్కల సీసీ కెమెరాలు, ఆఫీసు నెట్‌వర్కులు బిగించే పనిలో ఉన్న నేను, ఎనిమిది లైట్లు వరుసగా వెలిగే చవక టెస్టరుతోనే చాలాకాలం నెట్టుకొచ్చాను. తీగ తెగిందని అది చెబుతుంది గానీ ఎక్కడ తెగిందో చెప్పదు. తెగిన చోటు ఎంత దూరంలో ఉందో చూపే చేతి టెస్టరును నాలుగేళ్ల క్రితం కొన్నాను.

నెట్‌వర్క్ కేబుల్లో ఎనిమిది తీగలు, రెండేసి మెలిపెట్టిన నాలుగు జతలుగా ఉంటాయి. ఈ టెస్టరు ఒక్కో జతలోకి విద్యుత్ స్పందాన్ని (పల్స్) పంపి, తెగిన చోటనో తీగలు కలిసిపోయిన చోటనో తగిలి అది వెనక్కి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం లెక్కగడుతుంది. రాగి తీగలో ఆ స్పందం వేగం కాంతి వేగంలో సుమారు 70 శాతమే. అదీ కేబుల్ రకాన్ని బట్టి మారుతుంది. అందువల్ల కొత్త కేబుల్ బాక్సు విప్పినప్పుడల్లా, పైపొర మీద అచ్చువేసిన మీటరు అంకెలు చూసి 30 మీటర్లు కొలిచి, టెస్టరులోని వేగాన్ని దానికి సరిచేసుకుంటాను. మొదట్లో ఈ పని చేయక, నాలుగు మీటర్లు అవతల గోడ పగలగొట్టించిన అనుభవం నాకుంది.

చీమకుర్తిలో ఒక గ్రానైట్ పాలిషింగ్ షెడ్డులో కెమెరాకు రాత్రిపూట ఎర్ర లైట్లు వెలుగుతున్నాయి, బొమ్మ మాత్రం రావడం లేదు. అక్కడి నెట్‌వర్క్ స్విచ్ (కెమెరాల కేబుళ్లు వచ్చి కలిసే పెట్టె) 4, 5, 7, 8 తీగల మీద కెమెరాకు కరెంటు పంపే రకం కాబట్టి, డేటా నడిచే 1, 2, 3, 6 తీగల్లోనే తేడా ఉండాలనుకున్నాను. టెస్టరు మూడు జతలకు 72 మీటర్లు, ఆకుపచ్చ జతకు మాత్రం 41 మీటర్లు చూపింది. టేపుతో కొలుచుకుంటూ వెళితే, పలకలు పేర్చిన మూల వెనక, పైపు జాయింటు విడిపోయిన చోట పందికొక్కు కొరికిన గుర్తులు కనిపించాయి. పాత టెస్టరుతోనైతే పైపు మొత్తం ఊడదీయవలసి వచ్చేది.

కందుకూరులో ఒక కార్యాలయంలో నెట్ తరచూ ఆగిపోయేది. ముందు పనిచేసినవారు రెండు చివర్లా రంగులను జతలు జతలుగా 1-2, 3-4, 5-6, 7-8 వరుసలో క్లిప్పులో పెట్టి క్రింప్ చేశారు (నొక్కి బిగించారు). ఇలా చేస్తే ఒకే జతగా ఉండాల్సిన 3, 6 తీగలు వేర్వేరు జతల పాలవుతాయి గనుక, ఇతర సిగ్నళ్ల అలజడి నుంచి మెలిక వల్ల కలిగే రక్షణ పోతుంది. లైట్ల టెస్టరు దానికి ఎనిమిదీ సరేనంది. ఇది మాత్రం జత చీలిందని వెంటనే పట్టుకుంది.

లోపాలూ ఉన్నాయి. రాగి పూత పూసిన నాసిరకం అల్యూమినియం కేబులును ఇది గుర్తించదు, నిరోధం కొలవదు కనుక. కొత్తపట్నం వైపు రొయ్యల చెరువుల దగ్గర ఉప్పుగాలికి క్లిప్పు పిన్నులకు చిలుము పడితే, ఒకసారి బాగుందని, మరోసారి తెగిందని చూపుతుంది. అలాంటప్పుడు టెస్టరును నమ్మే బదులు క్లిప్పు కోసి కొత్తది వేయడమే మేలు. మిట్టమధ్యాహ్నం ఎండలో తెర కనిపించదు, తలమీద తువ్వాలు కప్పుకొని చూడవలసిందే. రోజూ గుచ్చి తీయడం వల్ల రెండో ఏడాదిలోనే పోర్టు వదులైంది. అది మార్పించాక, ఒక చిన్న ప్యాచ్ కార్డును (రెండు చివర్లా క్లిప్పులున్న పొట్టి కేబుల్) శాశ్వతంగా దానికి తగిలించి, అవతలి చివర కప్లర్ (రెండు క్లిప్పులను కలిపే ముక్క) పెట్టి వాడుతున్నాను. అరిగితే ఇప్పుడు అరిగేది కప్లరే, దానిని తేలికగా మార్చుకోవచ్చు.