అనంతపురంలో 'లోకల్ ఏఐ సెటప్' కొనేవాళ్లకు జాగ్రత్త: నెట్ తీసేసి చూడందే బాకీ కట్టొద్దు

"కోడ్ రాసే ఏఐని మీ సిస్టంలోనే పెట్టిస్తాం, నెట్ అక్కర్లేదు, డేటా బయటికి పోదు, అంతా సాండ్‌బాక్స్‌లో (ఏఐ బయటి ఫైళ్లు ముట్టుకోకుండా కట్టిన గోడల మధ్య) భద్రం" అని మన ఊళ్లో ఒక షాపు 18,000 రూపాయల ప్యాకేజీ అమ్ముతోంది. గొడవ ఇంకా తేలలేదు కాబట్టి షాపు పేరు రాయడం లేదు. జేఎన్‌టీయూలో ఫైనలియర్ ప్రాజెక్టు చేసే పిల్లలూ, నాలాగా చిన్నచిన్న సాఫ్ట్‌వేర్ పనులు చేసుకునేవాళ్లూ డబ్బు కట్టేముందు ఇది చదవండి.

నేను చీనీకాయల మండీలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిస్తాను. రైతుల ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, మండీ లెక్కలు అన్నీ నా ల్యాప్‌టాప్‌లోనే ఉంటాయి. అందుకే క్లౌడ్ వద్దు, లోకలే కావాలన్నాను. సగం అడ్వాన్సు, సెటప్ చూసుకున్నాక మిగతా సగం అని మాట్లాడుకున్నాం.

షాపులో చూపించినప్పుడు జవాబులు టకటకా వచ్చాయి. నా ల్యాప్‌టాప్‌లో ఉన్నదేమో 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు. క్వెన్ 2.5 కోడర్ అని కోడ్ రాసే ఏఐ ఉంది, అందులో 7బి సైజు మోడల్‌ని ఒల్లామాలో (ఏఐ మోడళ్లను సొంత సిస్టంలో నడిపే ప్రోగ్రాం) దించుకుంటే ఫైలే 4.7 జీబీ దాకా ఉంటుంది. కార్డులో పట్టని భాగం ప్రాసెసర్ మీద పడుతుంది, జవాబు నత్తనడక నడుస్తుంది. మరి ఆ వేగం ఎక్కడిది? ఇంట్లో కరెంటు పోయినప్పుడు తెలిసింది. రూటర్ ఆరిపోయింది, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది, ఏఐ మాత్రం మాట్లాడడం మానేసింది.

ఆదేశాలు టైప్ చేసే టెర్మినల్‌లో 'ఒల్లామా లిస్ట్' (ollama list) అని కొట్టి చూశాను. మోడల్ పేరు చివర 'క్లౌడ్' అని ఉంది, సైజు రాయాల్సిన చోట ఒట్టి గీత ఉంది. ఒల్లామాలో అలాంటి మోడళ్లు ఉన్నాయి. పేరు మన సిస్టంలో కనిపిస్తుంది, పనంతా వాళ్ల సర్వర్లలో జరుగుతుంది. వాటిని వాడాలంటే అకౌంట్‌తో సైన్ ఇన్ కావాలి. ఇక్కడ సైన్ ఇన్ అయి ఉన్నది షాపు వాళ్ల అకౌంట్! అంటే నేను అడిగిన ప్రతి ప్రశ్నా, దానితోపాటు వెళ్లిన కోడూ వాళ్ల అకౌంట్ మీదుగా బయటికి పోయాయన్నమాట. మీ సిస్టంలో చూసుకోవాలంటే వైఫై తీసేసి ఒక ప్రశ్న అడగండి, చాలు. జవాబు వస్తే 'ఒల్లామా పీఎస్' (ollama ps) కొట్టండి, మోడల్ ఎంత భాగం కార్డు మీద, ఎంత ప్రాసెసర్ మీద నడుస్తోందో శాతంతో సహా చూపిస్తుంది.

సాండ్‌బాక్స్ సంగతి ఇంతకన్నా ఘోరం. ఏఐ చెప్పిన పనులు చేసే ప్రోగ్రాంని డాకర్ కంటైనర్‌లో, అంటే సిస్టంలోనే వేరుగా కట్టిన గదిలాంటి దాంట్లో పెట్టామన్నారు, నిజమే, కంటైనర్ ఉంది. కానీ దానికి నా యూజర్ ఫోల్డర్ మొత్తం తగిలించారు. డాక్యుమెంట్లు, సర్వర్ తాళాలు (లాగిన్ కీ ఫైళ్లు), పాస్‌వర్డ్‌లు రాసిపెట్టుకున్న ఫైళ్లు అన్నీ లోపల కనిపిస్తున్నాయి. పైగా డాకర్ సాకెట్‌ని (డాకర్‌కే ఆదేశాలిచ్చే దారి) కూడా లోపలికి ఇచ్చారు. అది చేతిలో ఉంటే లోపలి ప్రోగ్రాం డ్రైవ్ మొత్తాన్ని తగిలించుకుని ఇంకో కంటైనర్ తెరవగలదు. జైలు కట్టి తాళంచెవి ఖైదీ చేతికే ఇచ్చినట్టు. ఏ ఆదేశమైనా మనల్ని అడక్కుండానే నడిపే ఆటో అప్రూవ్ కూడా ఆన్‌లో ఉంది. ఎక్కడి నుంచో దించుకున్న ప్రాజెక్టులో, రీడ్‌మీ ఫైల్లో (ప్రాజెక్టు వివరాలు రాసే ఫైలు) ఎవడైనా దొంగ ఆదేశం రాసి పెట్టాడనుకోండి, ఏఐ దాన్ని చదివి నడిపేస్తే అడ్డుకునేది ఏమీ లేదు.

ఇది చూసుకోవడానికి ఏఐనే "నీకు బయటి ఫైళ్లు కనిపిస్తాయా?" అని అడగకండి. దాని మాట సాక్ష్యం కాదు. 2025 జులైలో రెప్లిట్ అనే కోడింగ్ సైట్‌లోని ఏజెంట్ (తనే పనులు చేసే ఏఐ) ఒకాయన అసలు డేటాబేస్‌ని తుడిచేసింది, పైగా వెనక్కి తేవడం కుదరదని చెప్పింది. ఆయన ప్రయత్నిస్తే వెనక్కి వచ్చింది. కాబట్టి కంటైనర్ షెల్‌లోకి (లోపల ఆదేశాలు టైప్ చేసే చోటు) మీరే వెళ్లి ఏ ఫోల్డర్లు కనిపిస్తున్నాయో కళ్లతో చూడండి. ప్రాజెక్ట్ ఫోల్డర్ కాక మీ సొంత ఫైళ్లు ఒక్కటి కనిపించినా సెటప్ తప్పే. డాకర్ లేకుండా డబ్ల్యూఎస్ఎల్‌లో (విండోస్‌లో లినక్స్ నడిపే ఏర్పాటు) పెట్టి అదే సాండ్‌బాక్స్ అన్నా నమ్మొద్దు, మార్చకపోతే అక్కడి నుంచి సీ డ్రైవ్ నేరుగా కనిపిస్తుంది.

ఇంకొకటి. ఒల్లామా మామూలుగా 127.0.0.1 మీద, అంటే మన సిస్టంకు మాత్రమే వినబడేలా ఉంటుంది. వీళ్లు దాన్ని 0.0.0.0కి, అంటే నెట్‌వర్క్‌లో అందరికీ వినబడేలా మార్చి, ఫైర్‌వాల్‌లో ఒల్లామా వాడే 11434 పోర్టు (ద్వారం) తెరిచి వదిలేశారు. దానికి పాస్‌వర్డ్ అంటూ ఏమీ ఉండదు. ఒకే వైఫై పంచుకునే కాంప్లెక్సుల్లో పక్క షాపు వాడు కూడా వాడుకోవచ్చు.

బిల్లులో 'సాఫ్ట్‌వేర్ లైసెన్స్' కింద కూడా డబ్బు వేశారు. ఒల్లామా ఉచితం, ఆ 7బి మోడల్ అపాచీ లైసెన్సులో ఉచితం, వీఎస్ కోడ్ (కోడ్ రాసుకునే ఎడిటర్) ఉచితం. మనం డబ్బిచ్చేది గోడలు సరిగ్గా కట్టినందుకే. మోడల్ కంటైనర్ బయట ఒల్లామాలో నడుస్తుంది కాబట్టి, కంటైనర్‌కి నెట్ పూర్తిగా కోసేస్తే మోడల్ కూడా అందదు. మోడల్ దాకా ఒక్క దారి ఉంచి మిగతావి మూయడం, రూట్ (అన్ని అధికారాలున్న యూజర్) కాకుండా మామూలు యూజర్‌తో నడపడం, అసలు డేటాబేస్ బదులు ఉత్తుత్తి పేర్లున్న నకలు పెట్టడం — పనితనం అంటే అదీ. అది చేసిపెట్టేవాళ్లు 18,000 అడిగినా నాకు అభ్యంతరం లేదు.

వెళ్లి నిలదీస్తే ఆ కుర్రాడు "అన్నా, అందరికీ ఇట్లనే చేసిస్తాండాం, ఎవురూ అడగల్యా" అన్నాడు. ఓనరేమో మిగతా సగం ఇస్తే సరిచేస్తామన్నాడు. నేనివ్వలేదు. అడ్వాన్సు వాపసు కోసం 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. మీరు కొనేటట్టయితే 'నెట్ లేకుండా పనిచేయాలి, ప్రాజెక్ట్ ఫోల్డర్ తప్ప మరేదీ కనిపించకూడదు' అని బిల్లు మీదే రాయించుకోండి.

ఇప్పటికే ఇలాంటి సెటప్ చేయించుకున్నవాళ్లు ముందు ఒల్లామాలో షాపు అకౌంట్ నుంచి సైన్ అవుట్ అవ్వండి. ఆ తర్వాత సర్వర్ తాళాలు, డేటాబేస్ పాస్‌వర్డ్‌లు, ఏపీఐ కీలు (ఆన్‌లైన్ సర్వీసులు వాడుకోవడానికిచ్చే రహస్య కోడ్‌లు) అన్నీ ఇవాళే మార్చండి, పాతవి రద్దు చేయండి.